ఉడుతనీ ఉప్పుమొక్కనీ పోల్చడం ఎలా: చెన్నైలో చేయదగిన పద్ధతి

ఉడుతకీ ఉప్పుమొక్కకీ పోలికలు, తేడాలు రాయమంటే దాదాపు అందరూ ఒకే పట్టిక రాస్తారు. ఉడుత కదులుతుంది, మొక్క కదలదు. ఉడుత తిండి వెతుక్కుంటుంది, మొక్క తిండి తయారుచేసుకుంటుంది. ఉడుత పిల్లల్ని కంటుంది, మొక్క గింజలు వేస్తుంది. ఇందులో తప్పేమీ లేదు, పనికొచ్చేదీ లేదు. ఉడుత కొట్టేసి ఆవు, ఉప్పుమొక్క కొట్టేసి వేపచెట్టు అని పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. పోలిక ఈ రెండు జీవులకే చెందాలంటే రెండూ జవాబు చెప్పగలిగిన ఒక్క ప్రశ్న కావాలి. ఈ జంటకి అలాంటి ప్రశ్న ఉప్పు. ఒంట్లో చేరిన ఉప్పుని ఇది ఎక్కడ పెడుతుంది, అది ఎక్కడ పెడుతుంది? నీరు, వేడి, సంతానం ఆ తర్వాత వాటంతట అవే వచ్చి చేరతాయి.

కింద చెప్పిన పని తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఎవరైనా చేయవచ్చు. మొత్తం సామాను: ఒక టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపేది), 0.1 గ్రాము దాకా చూపే చిన్న తూకం, పదింతలు పెద్దగా చూపే లెన్సు, అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ (బ్యాటరీలు అమ్మే షాపులో దొరుకుతుంది), కిలో కల్లుప్పు, పేపర్ కప్పులు. కాలం: కుండీల ప్రయోగం కూడా చేస్తే ఏడెనిమిది వారాలు, అది వదిలేస్తే రెండు వారాలు.

ముందు ఏ ఉడుత, ఏ మొక్క

"ఉడుత", "ఉప్పుమొక్క" అని వదిలేస్తే సగం పని అక్కడే చెడిపోతుంది. చెన్నై వీధుల్లో తిరిగేది మూడు చారల ఉడుత, ఫునాంబులస్ పామేరమ్. ఉత్తరాదిలో ఎక్కువగా కనిపించేది అయిదు చారలది, ఫునాంబులస్ పెన్నాంటీ. ఇంటర్నెట్‌లో "ఇండియన్ స్క్విరల్" అని వెతికితే రెండో దాని ఫొటోలూ కలిసిపోయి వస్తాయి, దాని వివరాలు దీనికి అంటగట్టేస్తారు. గుర్తుపట్టడం సులువే: వీపు మీద పైనుంచి చూడాలి. తల నుంచి తోక దాకా నడిమి చార ఒకటి, దానికి రెండు పక్కలా ముందుకాళ్ల దగ్గర్నుంచి వెనకకాళ్ల దాకా చెరొకటి ఉంటే మన ఉడుతే. అయిదు చారలదానికి వీటికి తోడు రెండు డొక్కల మీదా మసక చార ఒక్కోటి ఉంటుంది. పక్కనుంచి తీసిన ఫొటోలో ఒకటి రెండు చారలే పడతాయి కాబట్టి పక్క ఫొటో సాక్ష్యంగా పనికిరాదు. రాముడు మూడు వేళ్లతో నిమిరాడన్న కథ దక్షిణాది ఉడుతకే అతికినట్టు సరిపోతుంది, గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది. రిపోర్టులో మాత్రం రాయకండి.

మొక్క దగ్గర గందరగోళం ఇంకాస్త ఎక్కువ. ఇంగ్లీషులో సాల్ట్‌బుష్ అంటే ఆట్రిప్లెక్స్ ప్రజాతి. అందులో పేరున్నది ఆస్ట్రేలియాలో పుట్టిన ఆట్రిప్లెక్స్ నమ్యులేరియా, గొర్రెల మేతకి, చౌడు నేలలకి చాలా దేశాలకి తీసుకెళ్లి వేశారు. దాని ఆకు మీద ఉప్పు నింపుకునే బుడగల్లాంటి నూగు ఉంటుంది, అందుకే బూడిద పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది. చెన్నై చుట్టుపక్కల పులికాట్, ఎన్నూరు వాగు, ముట్టుకాడు బ్యాక్‌వాటర్, ఉప్పు మడుల గట్లు, వీటి మీద మీకు దొరికేది ఎక్కువగా అది కాదు. దాని చుట్టం సుయేడా. తీరప్రాంతంలో ఇలకూర అంటారు, తమిళంలో ఉమరి అంటారు. రెండు పేర్లూ ఒకటికి మించిన మొక్కలకి వాడతారు కాబట్టి పేరు విని నమ్మేయకుండా మొక్కని చూడాలి. ఈ పోలికకి మేం సూచించేది సుయేడా మారిటిమా. కుటుంబం అమరాంథేసీ, అంటే మన తోటకూర, పాలకూర, చక్రవర్తి కూర, బీట్‌రూట్ కుటుంబమే.

గట్టు మీద నాలుగు మొక్కలు కలిసి పెరుగుతుంటాయి. ఆకుల్లేకుండా కణుపులు కణుపులుగా కండపట్టిన కాడలే ఉంటే అది సాలికోర్నియా గానీ ఆర్థ్రోక్నీమమ్ గానీ. ఆకులు ఎదురెదురుగా, బల్లపరుపుగా, పువ్వు గులాబీ రంగు నక్షత్రంలా ఉంటే సెసూవియం. ఆకులు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ, సన్నగా, గుండ్రంగా, నొక్కితే రసం చిమ్మేలా ఉండి, పువ్వులు రేకుల్లేకుండా ఆకు మూలల్లో పచ్చని చుక్కల్లా ఉంటే సుయేడా. అది మనిషెత్తు చెట్టులా కట్టెబారి ఉంటే సుయేడా మోనోయికా, మోకాలి లోపు మెత్తని మొక్కయితే మారిటిమా. ఈ రెండింటినీ కలపకూడదు, ఎందుకంటే మోనోయికా సీ4 మొక్క, మారిటిమా సీ3. కిరణజన్య సంయోగక్రియ దారే వేరు.

ఇంకా అనుమానముంటే గింజ తీయండి. ఎండిన కొమ్మ మీద 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల నల్లని, మెరిసే గింజ ఉంటుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తడి దూది మీద పెట్టి, సూదితో నల్లతోలు గీరి తీస్తే లోపలి పిండం లెన్సులో జిలేబీ చుట్టలా కనిపిస్తుంది. ఆట్రిప్లెక్స్‌లో అయితే పిండం చుట్ట చుట్టుకోదు, గింజ అంచు వెంబడి ఉంగరంలా వంగి ఉంటుంది. ఈ ఒక్క గుర్తుతో వాదన ముగుస్తుంది. గింజ నానకముందే గీరితే పిండం ముక్కలైపోతుంది, కాబట్టి తొందరపడొద్దు.

పేర్లు రాసే పద్ధతి కూడా ఇక్కడే సరిచేసుకోండి. రెండింటికీ మొదట పేరు పెట్టింది జీవులకి రెండు మాటల పేర్ల పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయసే. ఉడుతకి 1766లో సియూరస్ పామేరమ్ అన్నాడు, మొక్కకి 1753లో కీనోపోడియం మారిటిమమ్ అన్నాడు. తర్వాతివాళ్లు రెండింటినీ వేరే ప్రజాతుల్లోకి మార్చారు. కానీ జంతువుల నామకరణ నియమావళి వేరు, మొక్కలది వేరు. జంతువు పేరు పక్కన బ్రాకెట్లో మొదట పేరు పెట్టినవాడూ ఏడూ ఉంటాయి: ఫునాంబులస్ పామేరమ్ (లిన్నేయస్, 1766). మొక్క పేరు పక్కన బ్రాకెట్లో మొదటివాడు, బయట మార్చినవాడు ఉంటారు, ఏడు ఉండదు: సుయేడా మారిటిమా (లిన్నేయస్) డ్యూమోర్టియే. ఒకదాని పద్ధతిలో రెండోది రాస్తే తెలిసిన పరీక్షకుడు మొదటి పేజీలోనే పట్టుకుంటాడు.

మూడు అంకెలు దగ్గర పెట్టుకోండి: 9, 12, 35

ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. పాలిచ్చే జంతువుల రక్తంలో సోడియం లీటరుకి సుమారు 140 మిల్లీమోల్స్, సెలైన్ దానికి దగ్గరగా కలిపిందే. ఉడుత రక్తం కూడా ఆ కోవలోదే. సుయేడా మారిటిమా బాగా ఏపుగా పెరిగేది లీటరుకి సుమారు 12 గ్రాముల ఉప్పు, అంటే 200 మిల్లీమోల్స్, ఉన్నచోట. సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాముల లవణాలు. మీ రిపోర్టులో వచ్చే ప్రతి కొలతనీ ఈ మూడింటి పక్కన పెట్టి చూస్తే అది చిన్నదో పెద్దదో వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఉప్పుమొక్క ఒళ్లంతా ఉప్పుకి అలవాటు పడిపోయిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సుయేడా ఎంజైములని బయటికి తీసి ఉప్పునీళ్లలో పరీక్షిస్తే మామూలు మొక్కల ఎంజైముల్లాగే దెబ్బతింటాయని ప్రయోగాల్లో తేలింది. అంటే కణం లోపల పని జరిగే చోటు, సైటోప్లాజం, ఉప్పుకి తట్టుకోలేకపోవడంలో ఉడుతా ఉప్పుమొక్కా ఒక్కటే. తేడా అంతా కాపాడుకునే తీరులో ఉంది.

ఉడుత కణం సోడియాన్ని బయటికి తోసేస్తుంది. కణపు పొరలో ఉన్న సోడియం-పొటాషియం పంపు ఒక్కో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుతో మూడు సోడియం అయాన్లని బయటికి పంపి రెండు పొటాషియం అయాన్లని లోపలికి లాగుతుంది. బయటికొచ్చిన దాంట్లో ఎక్కువైనదాన్ని మూత్రపిండాలు రక్తం నుంచి తీసి మూత్రంలో పారేస్తాయి. మొక్కకి మూత్రపిండాలు లేవు, పారబోసుకునే చోటూ లేదు. వేళ్ల నుంచి నీటితోపాటు ఎక్కిన ఉప్పు ఆకులోకి వచ్చి ఆగుతుంది. సుయేడా దాన్ని కణంలోనే వాక్యూల్ అనే పెద్ద సంచిలో వేసి తాళం పెడుతుంది. తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్ని రిక్తిక అంటారు. మొక్కల్లో సోడియం-పొటాషియం పంపు లేదు. ప్రోటాన్లని సంచిలోకి తోసే పంపులు ఉంటాయి, ఆ ప్రోటాన్లు బయటికి వచ్చేటప్పుడు వాటికి బదులుగా సోడియం లోపలికి వెళ్తుంది. సంచిలో అంత ఉప్పు పేరుకుంటే అది సైటోప్లాజంలోని నీళ్లని లాగేసుకోదా? లాగేసుకుంటుంది. అందుకే సైటోప్లాజంలో గ్లైసీన్ బీటైన్ అనే పదార్థం నింపుకుని తూకం సరిచేసుకుంటుంది. ఇది మొదట దొరికింది బీట్ దుంపలో, పేరూ అక్కడిదే.

మీ పోలికకి నడుము ఈ రెండు పేరాలు. మిగిలినవన్నీ దీన్ని చూపించడానికే.

సుయేడాకి ఉప్పు బుడగలు గానీ ఉప్పు గ్రంథులు గానీ లేవు. "ఉప్పుని ఆకు మీది బుడగల్లో పెడుతుంది" అన్న వాక్యం ఆట్రిప్లెక్స్ గురించి రాసినది, దాన్ని తెచ్చి సుయేడాకి అతికిస్తే మొత్తం రిపోర్టు తప్పవుతుంది. పిల్లల ప్రాజెక్టుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే.

ఆకు రసంలో ఉప్పు కొలవడం

ముందు మొక్క కోసం వెళ్లాలి. పులికాట్‌కి చెన్నై నుంచి పొన్నేరి మీదుగా బస్సులున్నాయి. సరస్సులో కొంతభాగం పక్షుల అభయారణ్యం, దాని హద్దుల్లో అనుమతి లేకుండా ఏదీ తుంచకూడదు. గట్ల మీద, రోడ్డు వారగా, పల్లె దగ్గర దొరికినదానితో సరిపెట్టుకోండి. ఎన్నూరులో మొక్క దండిగా ఉన్నా అక్కడి వాగులో కరెంటు కేంద్రాల బూడిద, పరిశ్రమల నీరు కలిసి ఉంటాయి కాబట్టి ఆ కొలత ఉప్పుని మాత్రమే చూపదు. కాలికి మందంగా ఉండే బూట్లు వేసుకోండి, బురదలో ఆల్చిప్పల అంచులు కత్తుల్లా ఉంటాయి. ఒక్కో మొక్క నుంచి చిటికెడు కొమ్మ చాలు, వేళ్లతో పీకొద్దు. మూడు మొక్కల నుంచి తీసి, మూడు జిప్ కవర్లలో వేసి, ఏ కవరు ఎక్కడిదో అక్కడే రాసుకోండి.

ఇంటికొచ్చాక ఆకులని డిస్టిల్డ్ వాటర్‌లో పది సెకన్లు ముంచి తీసి కాగితం మీద అద్దండి. ఈ ముంచడం మానేస్తే సముద్రపు గాలి తెచ్చి ఆకు మీద పోసిన ఉప్పు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఎక్కువసేపు ముంచితే లోపలిది బయటికి ఊరుతుంది. 1 గ్రాము ఆకు తూచి, రోట్లో మెత్తగా నూరి, 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి అరగంట ఉంచి, పలచని బట్టలో వడకట్టి టీడీఎస్ చూడండి. డిస్టిల్డ్ వాటర్ రీడింగు ముందే తీసుకుని, ఆకు నీళ్ల రీడింగులోంచి దాన్ని తీసేయాలి. అది 5 దాటితే ఆ నీళ్లు వద్దు. రోలు ఉప్పూకారం నూరేది అయితే మూడుసార్లు కడిగి, కడిగిన నీళ్ల రీడింగు కూడా చూసుకోండి.

లెక్క ఇలా ఉంటుంది. మీటరు 450 చూపిందనుకోండి. లీటరుకి 450 మిల్లీగ్రాములంటే మన 50 మిల్లీలీటర్లలో 22.5 మిల్లీగ్రాములు. అదంతా 1 గ్రాము ఆకులోది. కండపట్టిన ఆకులో 0.9 గ్రాము దాకా నీరే, కాబట్టి ఆకు రసంలో లీటరుకి 25 గ్రాములన్నమాట. పక్కన పెట్టుకున్న అంకెలు చూడండి: సెలైన్‌కి రెండున్నర రెట్లకి పైన, సముద్రానికి తక్కువ. అదే రోజు బజార్లో కొన్న తోటకూర ఆకుకీ ఇదే చేయండి. ఒకే కుటుంబంలో ఒకటి ఉప్పు దాచేది, ఒకటి దాచనిది అని కళ్లెదురుగా తేలుతుంది.

ఈ పరీక్షకి ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచకుండా రాయాలి. టీడీఎస్ మీటరు సోడియాన్ని కొలవదు, నీటిలో కరెంటుని మోసే ప్రతి అయానునీ కలిపి చూపిస్తుంది. తోటకూరలో పొటాషియం, నైట్రేట్ బాగా ఉంటాయి, కాబట్టి దాని రీడింగు సున్నా రాదు. "తోటకూరలో ఇంత ఉప్పు" అని రాస్తే తప్పు. కాలేజీ ల్యాబు అందుబాటులో ఉంటే అదే వడకట్టిన నీటిలో రెండు చుక్కలు నైట్రిక్ ఆమ్లం, ఆపైన సిల్వర్ నైట్రేట్ వేస్తే క్లోరైడ్ పెరుగులా తెల్లగా విరుగుతుంది. ఎంత చిక్కగా విరిగిందో సుయేడా, తోటకూర పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. సిల్వర్ నైట్రేట్ చేతికి తగిలితే నల్లమచ్చలు చాలా రోజులుంటాయి, తొడుగు వేసుకోవాలి.

సముద్రపు నీళ్లు కూడా కొలవాలనుకుంటే నేరుగా మీటరు ముంచకండి. పెన్ను సైజు మీటర్లు అంత ఎక్కువ చూపలేవు, తప్పు అంకె గానీ ఎర్రర్ గానీ వస్తుంది. 1 వంతుకి 49 వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి, వచ్చినదాన్ని 50తో హెచ్చించండి. మట్టికైతే ఎండబెట్టిన మట్టి 20 గ్రాములు, నీళ్లు 100 మిల్లీలీటర్లు కలిపి కుదిపి, అరగంట తేరనిచ్చి పైనీరు కొలవాలి. నేల పైన తెల్లగా పూసిన పొరని ఒక్కదాన్నే తేవద్దు. వేళ్లుండే లోతులో, అంటే పది సెంటీమీటర్ల కింద, ఉప్పు దానికంటే తక్కువ ఉండొచ్చు.

ఉడుత వైపు పని

ఉడుత రక్తం మనం తీయం, తీయకూడదు. దాన్ని పట్టుకోవడం, పెంచడం, బోనులో పెట్టడం ఏదీ ఈ పనికి అక్కర్లేదు. పొరపాటున కరిస్తే సబ్బూ ధారనీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకి చూపించండి. కాబట్టి ఉప్పు వరుసలో ఉడుతకి సంబంధించినది పుస్తకాల నుంచి, మొక్కకి సంబంధించినది మీ కొలత నుంచి వస్తుంది. ఈ అసమానతని రిపోర్టులో ఒక్క వాక్యంలో ఒప్పుకోండి.

మీరు స్వయంగా కొలవగలిగేది దాని సమయం. నీరూ వేడీ దాన్నెలా నడుపుతున్నాయో అందులోనే కనిపిస్తుంది. మైలాపూరు లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు దీనికి బాగుంటుంది (అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీదున్న పార్కే), లేదా మీ వీధిలో చెట్లున్న ఏ మూలైనా సరే. నడకకి వచ్చేవాళ్లు గింజలు వేసే చోటుకి దూరంగా నిలబడండి, లేకపోతే మీరు కొలిచేది ఉడుత అలవాటుని కాదు, మనుషుల అలవాటుని.

ఒక ఉడుతని ఎంచుకుని ఎనిమిది పది మీటర్ల దూరంలో కదలకుండా ఉండాలి. ఫోన్లో ముప్ఫై సెకన్లకోసారి మోగేలా పెట్టుకుని, మోగిన ఆ క్షణంలో అది ఏం చేస్తోందో ఒక్క అక్షరం రాయండి: తి (తినడం), వె (వెతకడం, తిరగడం), కూ (కూత), దు (ఒళ్లు దువ్వుకోవడం), ప (పడుకోవడం, ఊరికే ఉండటం), లే (కనిపించలేదు). పదిహేను నిమిషాలకి ముప్ఫై గళ్లు నిండుతాయి. ఉదయం ఆరున్నర, మధ్యాహ్నం పన్నెండున్నర, సాయంత్రం నాలుగున్నర, ఇలా మూడు పూటలు, కనీసం నాలుగు రోజులు. ముప్ఫై గళ్లలో తొమ్మిది "తి" ఉంటే 30 శాతం.

ఇక్కడ చెడేది రెండు చోట్ల. మోగినప్పుడు కాకుండా "ఇందాకే తిన్నది కదా" అని రాయడం ఒకటి. "లే" గళ్లని పారేసి మిగిలినవాటితో శాతం కట్టడం రెండోది. మధ్యాహ్నం ఉడుత కనిపించకపోవడమే అసలు సమాచారం: ఎండెక్కితే నీడలోకి పోయి, కొమ్మ మీద పొట్ట ఆనించి కాళ్లు చాచి పడుకుంటుంది. ఆ గళ్లు తీసేస్తే మధ్యాహ్నమూ ఉదయమూ ఒకేలా కనిపిస్తాయి. తినేదాన్ని కూడా పేరుతో రాసుకోండి. మామిడి, జామ లాంటి పండైతే నీళ్లు తిండిలోనే వస్తున్నాయి, ఎండు గింజైతే వేరే చోట వెతుక్కోవాలి. నీళ్ల తొట్టి దగ్గరికి వచ్చిందా అన్నది వేరే గడిలో పెట్టండి.

మొక్కకి నీడలోకి పోయే వీలు లేదు. అది నిలబడిన చోటే ఆకుని సన్నగా, మందంగా, నీటితో నింపుకుని గడుపుతుంది. వేడి గురించి దానిపక్క ఇంతకంటే రాయక్కర్లేదు.

కుండీల ప్రయోగం

"ఉప్పుమొక్కకి ఉప్పు కావాలా, ఉప్పుని భరిస్తుందా?" అన్నదానికి జవాబు కుండీల్లోనే వస్తుంది. కడిగిన ఇసుక, 300 మిల్లీలీటర్ల పేపర్ కప్పులు, అడుగున మూడు చిల్లులు. నాలుగు రకాల నీళ్లు: లీటరుకి 0, 3, 6, 12 గ్రాముల కల్లుప్పు. ఒక్కో రకానికి మూడు కప్పుల సుయేడా, మూడు కప్పుల పెసలు, మొత్తం ఇరవైనాలుగు కప్పులు. వారానికోసారి అన్నిటికీ 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) లీటరుకి 1 గ్రాము. నీళ్లు కలపడానికి చెన్నై బోరు నీళ్లు వాడొద్దు, చాలాచోట్ల అవే ఉప్పగా ఉంటాయి, మీ "సున్నా" సున్నా కాదు. ఆర్వో నీళ్లు సరిపోతాయి.

గింజలని మంచినీళ్లలోనే మొలిపించండి. ఉప్పునేలల్లో కూడా ఇవి మొలిచేది వాన పడి ఉప్పు పలచబడ్డాకే. చెన్నై తీరానికి అది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనం. ఉప్పునీళ్లలో నాటి "మొలకెత్తలేదు, గింజ పుచ్చిపోయింది" అనుకోవడం మామూలే. సుయేడా నెమ్మదిగా లేస్తుంది కాబట్టి దాన్ని మూడు వారాల ముందే వేసి, మొలకలు రెండు అంగుళాలయ్యాక పెసలు వేయండి.

ఉప్పు ఒకేసారి పోయకూడదు. అన్ని ఉప్పు కప్పులకీ ముందు 3 గ్రాముల నీళ్లు, ఆపైన రెండు రోజులకోసారి 3 గ్రాములు పెంచుతూ ఒక్కో కప్పుని దాని అంకె దాకా (3, 6 లేదా 12) తీసుకెళ్లి అక్కడ ఆపాలి. నేరుగా 12 పోస్తే సుయేడా కూడా వాడిపోతుంది, సంచిలో ఉప్పు సర్దుకోవడానికి దానికి వ్యవధి కావాలి. పోసిన ప్రతిసారీ నాలుగో వంతు అడుగు నుంచి కారేదాకా పోయండి. కారకపోతే నీరు ఆవిరై ఉప్పు మిగిలి, ఎండాకాలంలో వారం తిరిగేసరికి 6 గ్రాముల కప్పు 12 కంటే ఉప్పగా తయారవుతుంది. కారిన నీళ్ల టీడీఎస్‌ని వారానికోసారి చూడండి (ఎక్కువుంటే పైన చెప్పినట్టు పలచన చేసి), పోసినదానికంటే బాగా పెరిగితే పోయడం తక్కువైందన్నమాట.

12కి చేరిన మూడు వారాలకి మొక్కని మొదలంటా తీసి, ఇసుక కడిగి, పైతడి మాత్రం ఆరనిచ్చి తూచండి. పెసర మొక్కలు 3 గ్రాముల దగ్గరే గిడసబారి, 12లో మాడిపోతాయి. సుయేడా సున్నా కప్పులో సన్నగా, పలచగా ఉండి, 12లో ఆకులు మందంగా, బరువుగా వస్తాయి. దానికి ఉప్పు కేవలం శత్రువు కాదు, ఆకులో నీళ్లు లాగి పట్టుకునే సాధనం. ఎండు బరువు తీయాలంటే 70 డిగ్రీల ఓవెన్లో రెండు రోజులు, తీసిన వెంటనే గాలి చొరని డబ్బాలో పెట్టాలి. ఉప్పు గాలిలో తేమ పీల్చుకుంటుంది, వానాకాలంలో బల్ల మీద గంట వదిలేస్తే బరువు పెరిగిపోతుంది. ఎండు బరువులో ఉప్పు బరువు కూడా కలిసి ఉందని రాయడం మరిచిపోవద్దు.

పట్టిక కట్టడం

వరుసలు అయిదు చాలు. ఒక్కో గడిలో అంకె ఉండాలి, దాని యూనిట్ ఉండాలి, అది మీ కొలతో పుస్తకం మాటో ఒక గుర్తుతో తెలియాలి.

ఉప్పు వరుసలో: ఉడుత రక్తంలో 140 మిల్లీమోల్స్ దరిదాపు, బయటికి తోసేస్తుంది, సుయేడా ఆకు రసంలో మీ లెక్క ఎంతొస్తే అంత, లోపల దాస్తుంది. నీరు వరుసలో ఉడుత తిన్న తిండి జాబితా, తొట్టికి వచ్చిన సందర్భాలు. మొక్క వైపు ఆకు పచ్చి బరువు, ఎండు బరువు తేడా. వేడి వరుసలో మూడు పూటల శాతాలు. ఎదుగుదల వరుసలో ఉడుత 100 గ్రాముల దగ్గర ఆగిపోతుంది, మొక్క కుండీని బట్టి మారుతుంది. మీ ఇరవైనాలుగు కప్పుల బరువులే దానికి రుజువు. సంతానం వరుసలో ఉడుతకి గర్భం సుమారు 34 రోజులు, ఈతకి రెండు మూడు పిల్లలు, పది వారాల దాకా పాలు. మొక్కకి వేలకొద్దీ గింజలు, ఒక్కోదానికి ఇచ్చేది ఆ చుట్టుకున్న పిండమూ పైన తోలూ అంతే.

వర్గీకరణకి వేరే పట్టిక అక్కర్లేదు, రెండు వాక్యాలు చాలు. రెండూ కేంద్రకమున్న కణాల జీవులు, అంతవరకే ఉమ్మడి. ఉమ్మడి పూర్వీకుడు వంద కోట్ల ఏళ్ల కంటే వెనక.

రాయకూడనివి కొన్ని ఉన్నాయి. ఉడుత ఉప్పుమొక్కని తింటుందని, దాని గింజలు చల్లుతుందని కల్పించొద్దు. పులికాట్ పల్లెల్లో తాటిచెట్ల మీద, ఇళ్ల కప్పుల మీద ఉడుత ఉంటుంది, ఉప్పు మైదానం మీద ఉండదు. ఉప్పుమొక్క తినే ఎలుకజాతి జంతువు కావాలంటే అమెరికా పశ్చిమాన ఒక కంగారూ ఎలుక ఉంది. ఉలిలాంటి కింది పళ్లతో ఆట్రిప్లెక్స్ ఆకు పైపొర, అంటే ఉప్పు బుడగలు, గీకి పారేసి లోపలి పచ్చదనం మాత్రం తింటుంది. అది ఉడుత కాదు, ఆ మొక్క సుయేడా కాదు. పక్క గమనికగా పెట్టుకోవచ్చు. అలాగే "మొక్క ఉప్పుని ఓడించాలని నిర్ణయించుకుంది" లాంటి వాక్యాలు కొట్టేయండి. "ఏది గొప్ప" అన్న శీర్షిక పెట్టమని ఎవరైనా అడిగితే, ఏ పరిస్థితిలో అని తిరిగి అడగండి. లీటరుకి 12 గ్రాముల నీళ్లలో, లేక మధ్యాహ్నం పన్నెండున్నరకి మైలాపూరు చెట్టు మీదా అని.

పని ముగిశాక ఆ ఉప్పు ఇసుకని పూలకుండీల్లో గానీ తులసి కోటలో గానీ పోయకండి, తోట మట్టి పాడైపోతుంది. నాలుగైదుసార్లు నీళ్లు పోసి కారనిచ్చి, టీడీఎస్ మామూలుకొచ్చాకే మళ్లీ వాడాలి. మిగిలిన సుయేడా గింజలు కాగితం పొట్లంలో, ఎక్కడ తీసినవో తేదీతో సహా రాసి, పొడిచోట పెడితే వచ్చే ఏడాది ఇంకొకరికి పనికొస్తాయి.